గాసిస్ కాపాడిన కంబం

గాసిస్ తట్టి చూడందే మా గనిలోకి ఎవడూ దిగేవాడు కాదు. లోపల కప్పు కూలకుండా అక్కడక్కడా తవ్వకుండా వదిలేసిన రాతి కంబాలుంటాయి. తెల్లవారగానే అతను సుత్తితో వాటిని ఒక్కొక్కటీ తట్టి, చెవి ఆనించి వినేవాడు. "పదండ్రా" అన్నాకే మిగతావాళ్లు దిగేవారు.

పఫ్లగోనియా కొండల్లో మేకలు కాసుకునే మనిషిని ఇరవయ్యో ఏట పట్టుకొచ్చి ఈ లారియన్ వెండి గనుల్లో అమ్మేశారు. కొన్నవాడు ఏథెన్స్‌లో హాయిగా కూర్చుని, గాడిదనిచ్చినట్టు అతన్ని గుత్తేదారులకు అద్దెకిచ్చేవాడు. నన్నూ అంతే. నాది ఖనిజం కడిగే బల్ల. పదహారేళ్లు ఒకే గుడిసెలో బతికాం. దాన్ని పెళ్లి అనకూడదట, బానిసలం కదా.

మూడో సొరంగంలో పెద్ద కంబం ఒకటుంది, నిండా వెండే. కంబాలు నగరం సొత్తు, ముట్టుకోకూడదని చట్టం. అయినా గుత్తేదారు ఫైదిమోస్, ఇంకో నెలలో గుత్త ముగుస్తుందనగా, దాన్ని చెక్కించడం మొదలుపెట్టాడు.

"దొరా, అది మూలుగుతోంది. దాని కింద ఏడుగురు పనిచేస్తున్నారు," అన్నాడు గాసిస్.

"రాయి మూలుగుతుందట్రా? నీ చెవుల్లో గుబిలి తీయించుకో. చెక్కమన్నంత చెక్కు."

ఈ సంగతి పక్క గని గుత్తేదారు తెలెసోన్ చెవిన పడింది. అతను వెళ్లి ఫిర్యాదు చేశాడు. ఎంత మంచివాడో అనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. నేరం రుజువైతే జరిమానాలో సగం ఫిర్యాదు చేసినవాడికే.

సాక్షి గాసిస్. ఇక్కడ పౌరుడైతే నిలబడి నోటితో చెబితే చాలు. బానిసైతే చక్రానికి కట్టి, కీళ్లు లాగుతుండగా చెప్పాలి. అప్పుడే అది నిజమట. ఈ మాట పుట్టించిన నోరు పడిపోను. అతని యజమాని మాత్రం, చెయ్యి పోతే పరిహారం తనకే ఇవ్వాలని ముందే రాయించుకుని, అప్పుడు సరేనన్నాడు.

గాసిస్ మొదట చెప్పిన మాటే చివరిదాకా చెప్పాడు. కుడి భుజం కీలు ఊడిపోయింది, మళ్లీ కూర్చోలేదు. ఫైదిమోస్‌కు జరిమానా పడింది, నగరం వెండి దొంగిలించినందుకు. కింద ఉన్న ఏడుగురి మాట అంతమంది పెద్దల్లో ఒక్కడూ ఎత్తలేదు. వాళ్ల యుద్ధనావలు ఈ వెండితోనే, గుళ్లు ఈ వెండితోనే. ఆ రోజు తీర్పు చెప్పడానికి కూర్చున్నందుకు వాళ్లు పుచ్చుకున్న కూలీ ఈ వెండే. మా ఒళ్లు హూనమైతేనే వాళ్ల చేతిలో గుడ్లగూబ బొమ్మ వెండి నాణెం పడుతుంది. ఆ నాణెం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

వేసవి రాగానే మా గని వేలానికొచ్చింది. పాడుకున్నదెవరు? తెలెసోన్. మొదటి రోజే మూడో సొరంగం దాకా వెళ్లి చూసి పైకొచ్చాడు.

"ఇప్పుడు ఫిర్యాదు చేసేవాడెవడున్నాడ్రా? కానివ్వండి," అన్నాడు నవ్వుతూ.

గాసిస్ గని నోటి దగ్గర నిలబడి, చుట్టుపక్కల వాళ్లంతా వినేలా అన్నాడు. "పక్క గనులవాళ్లు బోలెడుమంది ఉన్నారు దొరా. సగం జరిమానా ఎవరికి చేదు? సాక్ష్యానికి నాకింకో చెయ్యుంది."

తెలెసోన్ మొహం మాడిపోయింది. ఆ కోపానికి కొరడా దెబ్బలు కొట్టించాడు గానీ కంబం జోలికి పోలేదు.

"బుద్ధుందా నీకు? ఉన్న ఒక్క చెయ్యీ వాళ్ల మొహాన కొడతావా? నాకు ఉల్లిపాయలు ఎవరు తరుగుతారు?" అని వీపుకు నూనె రాస్తూ తిట్టాను.

"నీకంత నోరుంటే నాకు చేతులెందుకే?" అన్నాడు.

నాలుగేళ్లు ఎడమచేత్తో తట్టాడు. ఆ ఏడుగురూ రోజూ దిగారు, రోజూ పైకొచ్చారు. రాతి దుమ్ము రొమ్ము నిండా పట్టి, దగ్గి దగ్గి, ఈ ఉదయం గాసిస్ పోయాడు.

ఇంకా మట్టి కూడా వెయ్యలేదు. "బల్ల ఖాళీగా ఉంది, రా" అని మేస్త్రీ నన్ను లాక్కెళ్లాడు. మధ్యాహ్నానికి గంప ఒకటి వచ్చింది. ఇన్నేళ్లు కడిగినదాన్ని, ఏ సొరంగం రాయో నాకు తెలియదా? ఇంత బరువు, ఇంత నల్లటి మెరుపు ఆ కంబానికి తప్ప దేనికీ లేదు. శవం చల్లారేదాకా కూడా ఆగలేదు, పాపిష్టివాళ్లు.

గని నోట్లోకి వంగి పైకి రమ్మని అరిచాను. కింద కాపలావాడి కొరడాకు భయపడి ఒక్కడూ కదల్లేదు. గంప నెత్తినెత్తుకున్నాను.

"ఏమే, ఎక్కడికి?" అని మేస్త్రీ వెంటపడ్డాడు. నేను ఆగలేదు.

నేరుగా ఉత్తరం వైపు గని గుత్తేదారు వాకిట్లో దించాను. ఇతను మంచివాడని కాదు. తెలెసోన్‌కు తీసిపోని ఆశపోతు. అలాంటివాడే ఇప్పుడు నాకు కావాలి. అతను రాయి తీసి ఎండలో అటూ ఇటూ తిప్పాడు. కళ్లు మెరిశాయి.

"ముందు వెళ్లి పని ఆపించండి దొరా, ఏడుగురూ కిందే ఉన్నారు," అన్నాను.

"ఆపిస్తాను. సాక్షి ఎవరు? ఆ ఒంటిచేతివాడు పోయాడటగా."

"నేనే. నాకు రెండు చేతులూ బాగానే ఉన్నాయి."