దర్శిలో దర్శివాళ్లు

నాన్న పోయిన నెలకి, ఆయన ఎన్నడూ చూడని దర్శి చూద్దామని కాకినాడ నుంచి బయల్దేరాను. మా ఇంటిపేరు దర్శి. గుంటూరులో ఎక్కిన బస్సులో పక్కసీటాయనది ఫ్రాన్స్. అక్కడ ఒక చిన్న ఊరికీ, ఒకప్పుడు దాన్ని ఏలిన తమ కుటుంబానికీ ఒకటే పేరట. నా పేరు విని, "అయితే దర్శి మీదన్నమాట," అన్నాడు ఇంగ్లీషులో.

ముందుసీటులో పురుగుమందు డబ్బాతో కూర్చున్నావిడ వెనక్కి తిరిగింది. "ఏమంటున్నాడండీ?"

చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

"పొలం కోసం వచ్చారా? దర్శిలో మా మిరప చేను కౌలుదండి. వారసులమంటూ ఎవరొచ్చినా మేం వదిలేయాల్సిందే."

"కాదమ్మా. నాన్న పోయారు. మావాళ్లెవరైనా ఉంటే చెబుదామని."

"దర్శిలో దర్శివాళ్లెవరుంటారండీ? ఊరొదిలి పోయినోళ్లకే కదా ఊరిపేరు వచ్చేది. ఉన్నోళ్లకెందుకు?"

ఇంగ్లీషులో చెబితే ఫ్రాన్స్ ఆయన ఈ మాట నమ్మలేదు. వాళ్ల దగ్గర ఊరిపేరు ఊరు వదలని వాళ్లదేనట.

దర్శిలో ఆవిడా దిగింది. "మరి ఎవరింటికెళ్తారు?" అంది. టీకొట్టు బల్ల మీద కూర్చున్నాను. పొలాల వైపు వెళ్తానేమోనని, నేను తిరుగు బస్సు ఎక్కేదాకా ఆవిడ ఎదురుగానే నిలబడింది.