ఆటగాళ్ల ఎత్తుకు అద్దం

ఆ వీధిలో అందరికీ ఆయన బాబాయే. ఆయనకంటే పదేళ్లు పెద్దయిన రిటైర్డు పోస్టుమాస్టరు కూడా కటింగు కుర్చీలో కూలబడుతూ "కానీ బాబాయ్" అనేవారు. రెండు కుర్చీలు, ఒక బల్ల, ఒక పాత అద్దం, ఇంతే షాపు. జుట్టు పెరిగినా పెరక్కపోయినా ఆదివారం పొద్దున్న ఆ బల్ల మీద హాజరు వేయించుకోకపోతే వీధిలోని పెద్దమనుషులకి తిన్నది అరిగేది కాదు.

అలాంటి వీధి చివర స్టేడియం లేచింది. దేశదేశాలవాళ్లు వచ్చి ఆడతారట. కమిటీ నుంచి టై కట్టుకున్న ఒకాయన దిగి, దుకాణాలవాళ్లందర్నీ పోగేసి, "ప్రపంచం మీ గుమ్మంలోకి వస్తోంది, తయారుగా ఉండండి" అని చెప్పి చక్కా పోయాడు. ఎలా తయారవ్వాలో మాత్రం చెప్పలేదు. బేకరీవాడు గోడలకి రంగులేయించాడు. బాబాయి టీవీలో బాస్కెట్‌బాల్ ఆటగాళ్లని చూసి బెంబేలెత్తిపోయాడు. ఇంతేసి మనుషులు కుర్చీలో కూర్చుంటే ఈ అద్దంలో మెడ దాకానే కనబడతారు కదా! మొహం కనబడని కటింగు కటింగేనా? వెంటనే అద్దం జానెడు పైకెత్తించేశాడు.

"వాళ్లు నిజంగా మన షాపుకొస్తారంటావా?" అంది భార్య.

"రాకపోతే అంత స్టేడియం ఎందుకు కడతారే?"

ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ ప్రశ్నకి జవాబు అసలు ఎవరి దగ్గరా లేదనుకోండి, అది వేరే సంగతి.

ఆ ఆదివారం పోస్టుమాస్టరు వచ్చి అద్దంలోకి నిక్కి నిక్కి చూసి, "ఫ్యాను కనబడుతోందయ్యా, నేనే కనబడ్డం లేదు" అని నవ్వారు. ఆ తర్వాత ఏదో చెప్పబోయారు. తనూ గోడలకి రంగేయిస్తూ డబ్బాల మధ్య ఉక్కిరిబిక్కిరవుతున్న బాబాయి "ఆటలైపోనీండి మాస్టారూ, తీరిగ్గా మాట్లాడుకుందాం" అన్నాడు.

ఆటలు వచ్చాయి. ఆటగాళ్లు పరదాలు దించిన బస్సుల్లో వేరే గేటు నుంచి వచ్చారు, అటునుంచి అటే పోయారు. వీధికి రెండువైపులా కంచెలు కట్టి, పాసు ఉంటేనే లోపలికన్నారు. గడ్డం గీయించుకోవడానికి పాసు ఎవడిస్తాడు? షాపులో అడుగుపెట్టిన పరదేశి ఒకే ఒక్కడు, వాడూ బాత్రూమ్ ఎక్కడని సైగ చేసి అడిగిపోయాడు. టీవీలో మాత్రం నగరానికి లాభాల పంట అని ఊదరగొట్టారు. తన షాపు ఆ నగరంలోదేనా అని బాబాయికే అనుమానం వచ్చింది.

కంచెలు తీసేశారు. ఆదివారాలు వస్తున్నాయి, మనుషులు రావడం లేదు. "అద్దం చూసి అలిగుంటారే" అని బాబాయి దాన్ని మళ్లీ కిందికి దింపించాడు. అయినా బల్ల ఖాళీయే. మాస్టారిని బతిమాలి తెచ్చుకుంటే మిగతావాళ్లు ఆయన వెనకే వస్తారు, లేదంటే షాపు మూసుకోవడమే. చెప్పాల్సిన క్షమాపణ దారంతా వల్లించుకుంటూ మాస్టారింటికి వెళ్లాడు. అక్కడ లాడ్జి బోర్డు వేలాడుతోంది.

"ఆటలకి ముందే అద్దెకున్నవాళ్లని ఖాళీ చేయించారు. ఈ వరసలో అన్నిళ్లూ అంతే, టూరిస్టులకని" అన్నాడు వాచ్‌మన్.

"మరి వచ్చారా?"

"నేనైతే చూళ్లేదు."

బాబాయి బుర్ర తిరిగిపోయింది. వచ్చినవాళ్లు ఎవరూ లేరు, ఉన్నవాళ్లూ లేరు. మరి లాభాల పంట ఎవరింట్లో పండినట్టు?

అడ్రసు కనుక్కుని, రెండు బస్సులు మారి, ఊరి చివర మూడంతస్తులు ఎక్కితే మాస్టారు తలుపు తీశారు. గడ్డం మీద గాట్లు. సొంతంగా గీసుకుంటున్నారని ఇట్టే తెలిసిపోయింది.

"ఖాళీ చేస్తున్నామని చెబుదామనే వచ్చానయ్యా ఆ రోజు. నీ సంబరం చూసి నోరు రాలేదు."

"నేను అద్దం గురించి అనుకున్నాను మాస్టారూ..."

"ఏ అద్దం?" అన్నారు మాస్టారు. ఆయనకి గుర్తే లేదు. "అది సరేగానీ, షాపు ఎలా ఉంది? జనం విరగబడుతున్నారా?"

బతిమాలడానికి వచ్చినవాడు నోరు తెరిచాడు. ఎదురుగా ఆశగా చూస్తున్న ఆ గాట్ల మొహం. "ఊపిరాడ్డం లేదు మాస్టారూ" అనేశాడు. అలా ఎందుకన్నాడో అతనికే అర్థం కాలేదు.

మాస్టారి మొహం విప్పారింది. లోపలికి తిరిగి భార్యని కేకేశారు. "ఏమేవ్, విన్నావా? మనందరికీ వీధి పోతే పోయింది గానీ, బాబాయికైనా కలిసొచ్చిందిట!"