మూడో చరణం

జామా మసీదు దగ్గరి కొట్టులో పాత రికార్డు అట్టల ముక్కిన వాసన తగలగానే మా సరోజినీ నగర్ క్వార్టర్ గుర్తొచ్చింది. నాన్న ఓ చిన్న తెలుగు రికార్డు పెట్టేవాడు. రెండో చరణం అవగానే ముల్లు ఎత్తేవాడు. వంటింట్లోంచి అమ్మ మూడోది పాడేది.

"అది రికార్డులో ఎందుకు లేదమ్మా?"

"చోటు చాలక కోసేశార్రా. సినిమాలో ఉంది," అని నవ్వేది.

సినిమాలో ఉందిగా, ఎప్పుడైనా వినొచ్చులే అని, తను పాడుతుండగానే ఆటకి పరిగెత్తేవాణ్ణి.

అమ్మ పోయాక సినిమా చూశాను. రెండే చరణాలు. అక్కడా కోసేశారనుకుని, ఆ పాటున్న ప్రతి రికార్డూ కొంటూ వచ్చాను.

"మద్రాసీ గానా, సాబ్. పూరా హై," అంటూ, పాట మొత్తం ఉందని కొట్టతను ఇవాళ ఇంకోటి పెట్టి వినిపించాడు.

రెండే.

మూడోది అమ్మే కట్టుకుంది. అందులో ఒక్క మాటా నాకు గుర్తులేదు.