ఏడేళ్ళ పిల్ల మాట కోసం

మా పాప మా ఇంటికి వచ్చేటప్పటికి దానికి ఏడేళ్ళు.

మావారికి ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో ఉద్యోగం, కాపురం కొండపల్లిలో. ఇక పిల్లలు పుట్టరని డాక్టర్లు తేల్చేశాక దత్తతకి ఆన్‌లైన్లో పేర్లు నమోదు చేసుకున్నాం. పసిబిడ్డే కావాలంటే ఏళ్ళ తరబడి ఆగాలన్నారు. "కాస్త పెద్దపిల్లయితే మాత్రం ఏం? మన బిడ్డ నడిచి వస్తుంది, అంతేగా" అన్నారు మా అత్తగారు. ఆ మాటతో మా ఆలోచన మారింది.

తర్వాత ఒక సోషల్ వర్కర్ ఇంటికొచ్చింది. వంటగది దగ్గర్నించి మా ఇద్దరి తగువుల దాకా అన్నీ అడిగి రాసుకుని వెళ్ళింది. కొన్నాళ్ళకి ఫోన్లో ఒక పాప ఫోటో వచ్చింది. పిల్లలుండే సదనానికి వెళ్ళి కలిశాం. ఆ పిల్ల మమ్మల్ని ఎగాదిగా చూసి, "మీ ఇంట్లో కుక్క ఉందా?" అంది. లేదన్నాం. "అయితే వస్తాను" అంది.

దత్తత ఉత్తర్వు వచ్చేదాకా మా దగ్గరే ఉంచుకోవచ్చని పాపని పంపించారు. అత్తగారిని మొదటిరోజే నానమ్మా అని పిలిచింది. మమ్మల్ని మాత్రం ఆంటీ, అంకుల్ అనేది. మేమూ దిద్దలేదు.

ఒకరోజు విజయవాడ కలెక్టరాఫీసుకి రమ్మని కబురొచ్చింది. సంతకాలు పెట్టి వచ్చేయడమే అనుకున్నాను. కలెక్టర్ గారు మా వయసు ఆవిడే. మమ్మల్ని కూర్చోమని, పాపని తన పక్క కుర్చీలోకి పిలిచారు.

"ఇక్కడికి ఎందుకొచ్చావో తెలుసా అమ్మా?"

"తెలుసండీ. నన్ను వీళ్ళకి ఇచ్చేయడానికి."

"నిన్నెవరూ ఎవరికీ ఇచ్చేయరు. వీళ్ళతో ఉండటం నీకిష్టమేనా అని అడగడానికి పిలిచాను. ఇష్టమంటేనే సంతకం పెడతాను."

"లేదంటే?"

"పెట్టను."

పాప ఆలోచనలో పడింది. సదనం నుంచి వచ్చిన మేడమ్, ఫైలు పట్టుకున్న ఉద్యోగి, ఎవరూ తొందరపెట్టలేదు. టేబుల్ మీద ఫోన్ మోగితే కలెక్టర్ గారు చూడకుండానే కట్ చేశారు.

"నా పేరు మారుస్తారా?" అంది పాప.

"నీకు నచ్చితేనే."

"వద్దండీ. మా అమ్మ పెట్టిందంట." కుర్చీలో ముందుకి జరిగి, "ఇష్టమేనండీ. వీళ్ళకి కూడా ఇష్టమేనేమో అడగండి" అంది.

కలెక్టర్ గారు నవ్వకుండా మా వైపు తిరిగి అడిగారు. "మా ఇద్దరికీ ఇష్టమేనండీ" అన్నాను.

"అంకుల్ని కూడా చెప్పమనండి" అంది పాప.

ప్లాంటులో మిషన్ల హోరుని మించి కేకలేసే మావారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. మెల్లిగా, "ఇష్టమేనమ్మా" అన్నారు.

నా ఒళ్ళు గగుర్పొడిచింది. నా పెళ్ళప్పుడు నన్నెవరూ ఇంత ఓపిగ్గా అడగలేదు. కడుపున పుట్టే బిడ్డనైతే అడిగే దారే లేదు. అలాంటిది, జిల్లా మొత్తాన్ని చూసుకునే మనిషి పనులన్నీ ఆపుకుని, ఇంకా పాలపళ్ళు ఊడుతున్న ఒక పిల్ల నోటి మాట కోసం కూర్చున్నారు. ఆ పిల్ల ఒప్పుకోబట్టి నేను తల్లినయ్యాను. దేవుడి ఎదుట నిలబడ్డప్పుడు కూడా అంత చిన్నదాన్నైపోయినట్టు నాకెప్పుడూ అనిపించలేదు.

కలెక్టర్ గారు సంతకం పెట్టి, పాపకి షేక్‌హ్యాండ్ ఇచ్చారు.

బస్సులో పాప కిటికీ పక్కన కూర్చుని, గొల్లపూడి దాటేలోగా నా ఒళ్ళో నిద్రపోయింది. కొండపల్లిలో దిగి ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు గుమ్మంలోనే ఉన్నారు.

"పనైందా?" అని నన్నడిగారు.

"నేను ఒప్పుకున్నాను నానమ్మా" అంది పాప.

"మంచిపని చేశావు తల్లీ. కాళ్ళు కడుక్కుని రా, అన్నం తిందువుగాని" అన్నారావిడ.