ఎడమ చెయ్యెత్తిన ఫొటో

అక్క పోయిన నాలుగో రోజు మేనల్లుడు పెన్‌డ్రైవ్ పట్టుకుని ఎల్‌బీ నగర్‌లోని మా ఇంటికి వచ్చాడు. అక్క ఫొటో ఒక్కటీ లేదు. కెమెరా కనబడితే కొంగు అడ్డం పెట్టుకునే మనిషి. ఆధార్ కార్డు మీది ముఖాన్ని కన్నకొడుకే గుర్తుపట్టలేడు.

"మామా, మీ బిడ్డ పెండ్లి వీడియోల అమ్మ ఉంటది. అండ్లకెళ్లి ఒక్క ఫొటో తియ్యి. దినంనాటికి పటం కట్టియ్యాలె."

మూడు గంటల వీడియో. కంప్యూటర్‌లో ఆపుతూ, ఒక్కో బొమ్మ ముందుకు జరుపుతూ, అక్క కనిపించిన చోటల్లా సమయం డైరీలో రాసుకున్నాను. రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ నాకు దుఃఖం కన్నా రోతే ఎక్కువ కలిగింది. ఇంత వికారమైన దాన్ని మేమే కోరి తీయించుకున్నాం. అక్షింతలు వేస్తుండగా అక్క ముఖం చక్కగా వెలుగులోకి వచ్చింది. సరిగ్గా అప్పుడే రెండు గ్రాఫిక్స్ హంసలు ఈదుకుంటూ వచ్చి కప్పేశాయి. మండపం మెట్ల దగ్గర మళ్లీ కనిపించింది, గులాబీ రేకులు రాలాయి. భోజనాల దగ్గర మాత్రం ఏ అలంకారమూ లేదు. అక్కడ వీడియో అతను లైటు ముఖం మీద పెట్టి, నోట్లో ముద్ద ఉన్నవాళ్లనే వెతికి వెతికి తీశాడు. పప్పు కారుతున్న వేళ్లు, ఉబ్బిన బుగ్గలు, మూతికి అంటిన పెరుగు. వీడియో ఆపి చూస్తే మరీ అసహ్యం.

చివరికి పెళ్లినాటి డైరీ తీశాను. "రెండో బంతిలో అక్క వీడియో అతణ్ణి కసిరింది. మంచి పని చేసింది" అని రాసి ఉంది. రెండో బంతికి వెళ్లాను. ముద్ద మింగాక, తిట్టు బయటికి రాకముందు, నోరు మూసి ఉన్న బొమ్మ ఒకే ఒక్కటి దొరికింది. కనుబొమలు ముడిపడి ఉన్నాయి. ఎడమ చెయ్యి అడ్డంగా లేచి ఉంది. ఒంటి మీద చిలకల చీర. నూలుకు తానే ముడులు కట్టి రంగులద్దితే బావ మగ్గం మీద నేసినది. ఆ నేతలో ఉండవలసినట్టే చిలకల అంచులు కొంచెం చెదిరి ఉన్నాయి.

మేనల్లుడు మొహం చిట్లించాడు. "ఎడమ చెయ్యి చూపెడుతున్న ఫొటోకు దండ ఎట్లేస్తం మామా? నవ్వుతున్నది లేదా?"

"కెమెరా ముంగట మీ అమ్మ ఎన్నడన్న నవ్విందారా?"

అయినా వినలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో అతను పనిచేసే చీరల దుకాణం పక్కనున్న స్టూడియోకు తీసుకెళ్లాడు.

"అంకుల్, అమ్మ జర కోపంగున్నరు. నవ్విద్దామా?" అంది కంప్యూటర్ ముందున్నావిడ. నేను నోరు తెరిచేలోపే నవ్వించేసింది. ఎన్నడో ఊడిన ముందు పళ్లు రెండూ మొలిచాయి. చెయ్యి మాయమైంది. బుగ్గలు మైనం ముద్దల్లా నున్నబడ్డాయి. "చీర మసకగ వచ్చింది. దాన్ని గూడ సాఫ్ చేసిన" అంది.

"మస్తున్నది" అన్నాడు మేనల్లుడు.

చీరను పెద్దది చేసి చూపించమన్నాను. "పొద్దుందాక నీది గీ పనే గదరా. గిరాకి ఎవరన్న గీ చీర తెచ్చి చూపెడితే ఏం జెప్తవ్?"

అతను ముందుకు వంగాడు. చిలకల అంచులు కత్తితో కోసినట్టు ఉన్నాయి.

"ప్రింటు చీర" అన్నాడు. స్టూడియో ఆవిడ వైపు తిరిగాడు. "మా అమ్మకు ప్రింటు చీర గట్టిన్రు మేడమ్. తీసేయుండ్రి. మామ తెచ్చిందే కొట్టుండ్రి."

"మరి చెయ్యి?"

"ఉండనీయుండ్రి."

దినం నాడు బావ ఆ పటం ముందు చాలాసేపు నిలబడ్డాడు. "గట్లనే కసురుతుండె" అని వెళ్లి కూర్చున్నాడు. భోజనాలప్పుడు, నాకు కొడుకు వరసయ్యే ఒకతను ఫోను పట్టుకుని, తింటున్నవాళ్ల ముఖాలను వరసగా తీసుకుంటూ వచ్చాడు. అక్క పటం ముందుకు రాగానే ఆగి ఫోను దించాడు. సిగ్గుపడ్డాడనుకుని సంతోషించాను.

"చార్జింగ్ అయిపోయింది. జర నీ ఫోనియ్యి చిన్నాయినా" అన్నాడు.

ఇంట్లో మరిచిపోయి వచ్చానని చెప్పాను. అది అబద్ధమని ఆనాటి డైరీలో రాశాను.