నేను అనుకున్న ముక్క

ముందే ఒప్పుకుంటున్నాను, పిల్లిని చూసి పులి అని చెప్పే అలవాటు నాది. సగం కోసేసి చదువుకోండి.

చాలా ఏళ్ల కిందట నారాయణఖేడ్ బస్టాండులో, సిమెంటు బెంచీ సైతం నీడకు జరుగుదామని చూసేంత ఎండలో, ఎవరో ఒకాయన నా పక్కన కూర్చుని పేకముక్కలు విసనకర్రలా పరిచాడు.

"అన్నా, ఒక్క ముక్క మనసుల అనుకో. నాకు చెప్పకు."

"ఏంది, జూదమా?"

"జూదం కాదన్నా, మ్యాజిక్కు. నేనే కనిపెట్టిన. ఆరేండ్లు పట్టింది. స్టేజీ మీద చేసేటాయన పట్నంల ఉన్నడు. నేనెవరో ఎరుకలేనోడు ఒక్కడు అవునంటే పోయి ఆయనకు చూపిస్త. కాదంటే మా ఊరు కంగ్టికి వాపస్ పోయి పత్తి ఏరుకుంట, ఇగ పేక ముట్ట."

ఆసు అనుకున్నాను. అది అందరూ అనుకునేదేనని రాణికి మారాను. ఏ రాణో తేల్చుకునేలోపు ఏదో ఏడు అడ్డొచ్చింది. నా బుర్రలో యాభై రెండు ముక్కలూ తోసుకుంటుండగా ఆయన ఒకటి తిప్పాడు. ఇస్పేటు ఏడు.

"గిదేనా?" అని నా మొహంలోకి చూశాడు. అవతల పట్నం బస్సు స్టార్టయింది.

"గిదే! ఎట్ల పట్టినవన్నా?" అని అరిచాను. బస్టాండులో రెండొందల మంది చప్పట్లు కొట్టారు. ఆయన నా రెండు చేతులూ ఒక్కసారి గట్టిగా పట్టుకుని, ఉరికి బస్సెక్కాడు.

చప్పట్లు కొట్టింది ఇద్దరే. ఎండ కూడా మామూలు ఎండే. అవి పెంచి చెప్పినవి. అచ్చంగా కల్పించింది మాత్రం ఆ "గిదే" ఒక్కటే. నేను ఏ ముక్క అనుకున్నానో అప్పుడూ తెలియదు, ఇప్పటికీ తెలియదు.