నేను మానిపించిన మాత్ర

ఆ రోజు పొద్దున, డాక్టరు ఇచ్చిన మాత్ర ఎందుకో తెలుసుకోకుండానే మానేయమన్నాను. తప్పు నాదే.

ప్రొద్దుటూరులో మాది మందుల షాపు. పెద్దాసుపత్రి నుంచి తెచ్చుకున్న మందులను జనం నా బల్ల మీద కుమ్మరించి, ఏది ఎప్పుడు మింగాలో కవర్ల మీద రాయించుకుంటారు. ఏది మానొచ్చో కూడా నన్నే అడుగుతారు. చెప్పేవాణ్ణి. అదొక గర్వం నాకు.

జమ్మలమడుగు అత్త వచ్చింది. మామకు కడుపులో క్యాన్సర్ గడ్డ.

"ఇన్ని మింగలేక కక్కుకుంటాండాడప్పా. ఏదన్నా తగ్గించు."

సంచిలో కొలెస్ట్రాల్ మాత్రల అట్ట కనిపించింది. "మామకు కొవ్వు యాడుందత్తా? ఎముకలు ఎంచొచ్చు," అని అట్ట నా దగ్గరే ఉంచుకున్నాను. ఆమె నవ్వుకుంటూ వెళ్లింది.

ఆమె మరిచిపోయిన ఆసుపత్రి కాగితం మధ్యాహ్నం చదివాను. మామ ఏదో పరిశోధనకు ఒప్పుకుని సంతకం పెట్టాడు. అందులోని నంబరుకు ఫోన్ చేస్తే డాక్టరమ్మ చెప్పింది: గడ్డలో రక్తనాళాలు వంకరటింకరగా, కారుతూ ఉంటాయట. ఈ మాత్ర వాటిని కాస్త సరిచేస్తే క్యాన్సర్ మందు గడ్డ లోపలిదాకా చేరుతుందేమోనని చూస్తున్నారట.

"పనిచేస్తుందని ఖాయంగా చెప్పలేం. కానీ రేపే ఆయనకు మందు ఎక్కించాలి. సాయంత్రం మాత్ర తప్పనివ్వకండి."

అత్తకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. వచ్చినవాళ్ల చీటీలు రెండుసార్లు తప్పు చదివాను. షట్టర్ దించి బస్సెక్కాను. సీటు దొరికినా కూర్చోలేకపోయాను. బస్సు ఆగిన ప్రతిచోటా జేబులో అట్ట తడుముకున్నాను.

మామ మంచం మీద ఉన్నాడు.

"ఏంది, షాపులో బేరాల్లేవా?"

"మామా, ఈ మాత్ర కొవ్వుకు కాదు, నీ గడ్డకే ఇచ్చినారు. తెలుసుకోకుండా మానేయమన్యా."

"నేను చెప్పినా వినలే మీ అత్త. డాక్టరమ్మ కంటే నువ్వే పెద్దోనివంట."

అత్త తల దించుకుంది. ఆయన ఎత్తిపొడుపు కంటే అదే నన్ను ఎక్కువ కోసింది.

"అత్త తప్పేం లేదు మామా. నన్ను తిట్టు."

వాళ్ల ముందే డాక్టరమ్మకు ఫోన్ చేసి నేను చేసింది చెప్పాను. వాంతుల సంగతీ చెప్పాను. "ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదే," అని ఆమె వాంతులకు వేరే మందు చెప్పింది. అక్కడి షాపులో అది తెచ్చిచ్చాను. అన్నం తిన్నాక మామ రెండూ మింగాడు. అవి కడుపులో నిలిచేదాకా అక్కడే కూర్చున్నాను.

మర్నాడు షాపు తెరిచి, ఎవరెవరికి ఏ మాత్ర మానిపించానో గుర్తు చేసుకున్నాను. మొదట పులివెందుల రైతుకు ఫోన్ చేశాను. "అన్నా, నేను వద్దన్న ఆ తెల్లమాత్ర సంగతి మీ డాక్టరునే అడుగు. నాకు తెలియక చెప్పినా."